మన నాటకం మూడు గోడల మధ్యకు ఎప్పుడు వెళ్ళింది?

#1 ఊరివేదిక

అందరికీ నమస్కారం. మా ఊరి హైస్కూలు గ్రౌండులో శాశ్వత కళావేదిక కట్టాలని పూర్వ విద్యార్థులం చందాలు వేసుకున్నాం. ఇంజనీరు ప్లాను గీసిచ్చాడు. వెనక గోడ, రెండు పక్క గోడలు, పైన స్లాబు, ముందు రోలింగ్ షట్టర్. ఏ ఊళ్ళో చూసినా ఇదే బొమ్మ. మీటింగులో ఒక పెద్దాయన, "మా చిన్నప్పుడు భాగవతులు ఆడితే జనం మూడు పక్కలా కూర్చునేవాళ్ళు, ఇదేంట్రా గోడౌన్‌లా ఉంది" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

అసలు మన రంగస్థలం మొదట్లో ఎలా ఉండేది? ఈ మూడు గోడల ఆకారం ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్తే ప్లాను ఖాయం చేసేలోపు ఆలోచించుకుంటాం.

#2 కొలతలమనిషి

స్లాబు పోశాక అడిగేవాళ్ళే ఎక్కువ, మీరు ముందే అడిగారు. సంతోషం.

నాట్యశాస్త్రం రెండో అధ్యాయం మొత్తం ప్రేక్షకగృహం గురించే. మూడు ఆకారాలు చెప్పాడు భరతుడు: వికృష్టం అంటే దీర్ఘ చతురస్రం, చతురస్రం, త్ర్యస్రం అంటే ముక్కోణం. పెద్దది, మధ్యది, చిన్నది అని మూడు పరిమాణాలు. మనుషులకు మధ్యది చాలన్నాడు. పొడవు 64 హస్తాలు, వెడల్పు 32. హస్తం అంటే సుమారు అడుగున్నర కాబట్టి 96 అడుగులు, 48 అడుగులు అనుకోండి. ఇందులో సగం ప్రేక్షకులది, సగం నటులది. నటుల సగంలో వెనక నేపథ్యం (మేకప్ గది), దాని ముందు రంగశీర్షం (వేదిక వెనక భాగం), రంగపీఠం (ముందు భాగం).

నాకు నచ్చేది కొలత కాదు, దానికి ఇచ్చిన కారణం. ఇంతకన్నా పెద్దది కడితే మాట చెదిరిపోతుంది, ముఖంలో భావం కనపడదు అంటాడు. అంటే హాలు సైజును తేల్చింది నటుడి గొంతు, కళ్ళు. లెక్క వేస్తే చివరి వరసలో ఉన్నవాడు రంగం అంచుకు 48 అడుగుల దూరంలో, అంటే 15 మీటర్ల లోపే ఉంటాడు. మాటల నాటకానికి చివరి వరస 20 మీటర్ల దరిదాపుల్లో ఆగాలని ఇవాళ్టి థియేటర్ డిజైన్‌లోనూ అనుకుంటారు. మైకు లేని కాలంలో ఆయన ఇంకాస్త జాగ్రత్తపడ్డాడు.

ఇంకా ఉంది. నాట్యమండపం కొండగుహలా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి, గాలి ఎక్కువ దూరకూడదు, అప్పుడే గొంతు గంభీరంగా పలుకుతుంది అంటాడు. కూర్చునే చోటు మెట్లు మెట్లుగా ఇటుకతోనో కర్రతోనో కట్టాలన్నాడు. ఆడిటోరియం కట్టేవాడికి ఇంతకంటే ఏం చెప్పాలి?

#3 పద్యప్రియుడు

అయితే గోడలు, పైకప్పు, ఎదురుగా ప్రేక్షకులు, వెనక మేకప్ గది అన్నీ మనకు ఎప్పటినుంచో ఉన్నవే. బ్రిటిష్‌వాళ్ళు వచ్చి మన నాటకాన్ని పెట్టెలో పెట్టారని ప్రతి సెమినార్‌లోనూ వింటుంటాను. భరతుడు గుహలో పెట్టినప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు!

#4 కొలతలమనిషి

పద్యప్రియుడు గారూ, గోడలు ఉండటం వేరు, చిత్రపటంలా ఒక చట్రంలోంచి చూడటం వేరు. భరతుడి రంగానికి ముందు కమాను లేదు, అందులోంచి కనిపించే దృశ్యమూ లేదు. రంగపీఠానికి రెండు పక్కలా నాలుగేసి స్తంభాలతో మత్తవారణులు అనే కట్టడాలు ఉంటాయి. అవి ఎంత ఎత్తు, ఎటువైపు, దేనికి అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, ఆ జోలికి పోను. వాద్యబృందం నేపథ్యం నుంచి వచ్చే రెండు తలుపుల మధ్య కూర్చుంటుంది. అంటే నటుడి వెనకే.

అసలు తేడా మరోటి. దాని పేరు కక్ష్యావిభాగం. రంగం మీద ఒక భాగం ఇల్లు, ఒక భాగం అడవి, మరొకటి ఆశ్రమం. నటుడు రంగం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే ఊరు మారిపోయినట్టే. అడవి బొమ్మ గీసిన తెర అక్కర్లేదు. శాకుంతలంలో మొదటి అంకం చూడండి, రథం పరుగెత్తుతుంది, లేడి పారిపోతుంది. రంగం మీద రథమూ లేదు, లేడీ లేదు. మాట, అభినయం, చూసేవాడి ఊహ. అంతే.

#5 త్రిశూర్‌తెలుగోడు

పనిమీద త్రిశూర్‌లో ఉంటున్నాను. ఇక్కడి వడక్కునాథన్ గుడి కూత్తంబలం (గుడిలోని నాట్యశాల), ఇరింజాలక్కుడలో కూడల్‌మాణిక్యం గుడి కూత్తంబలం చూస్తే పైన చెప్పిన మాట వెంటనే అర్థమవుతుంది. పెద్ద పెంకుల కప్పు కింద హాలు, ఆ హాల్లో రంగానికి విడిగా మళ్ళీ స్తంభాలు, మళ్ళీ కప్పు. గుడిలో గుడి కట్టినట్టుంటుంది. ప్రేక్షకులు నేలమీదే, ఎదురుగానూ పక్కలానూ. చెక్క చట్రాల్లో నిలబెట్టిన మిళావులు (కుండలాంటి పెద్ద వాద్యాలు) రంగం వెనక భాగంలో ఉంటాయి. నటుడికి ముందు ఇత్తడి దీపస్తంభం, మూడు వత్తులు. రెండు నటుడి వైపు, ఒకటి మన వైపు.

లైటింగ్ డిజైన్ మొత్తం ఆ మూడు వత్తులే. వెలుగు కింది నుంచి పైకి, అదీ దగ్గర నుంచి పడుతుంది కాబట్టి ఇక్కడ ఆడే కూడియాట్టం అనే సంస్కృత నాటకంలో కళ్ళకు అంత శిక్షణ. ఇదే నటుణ్ణి వెయ్యి సీట్ల హాల్లో హాలోజన్ కింద నిలబెడితే మూడోవంతు కూడా అందదు. గుడి బయట ఆడేవాళ్ళ కోసం కేరళ కళామండలంలో పాత పద్ధతిలోనే కొత్త కూత్తంబలం కట్టారు, దాన్ని రూపొందించింది అప్పుకుట్టన్ నాయర్. కొత్తది కట్టాలంటే పాతదాని లెక్క తెలిసినవాడు కావాలి అనేదానికి అదొక రుజువు.

#6 చిందుబాట

అన్నలారా, రాజులూ గుడులూ చాలా అయ్యాయి. ఆ మండపాల్లోకి మా తాతలను రానిచ్చారా? మామూలు జనం రంగస్థలం వీధి. దాని గురించి ఎవరూ రెండో అధ్యాయం రాయలేదు, అంతమాత్రాన దానికి పద్ధతి లేదనుకోవద్దు.

చిందు భాగవతం చూడండి. ఊరి మధ్య ఖాళీ స్థలం, వెనక ఒక గుడ్డ లేదా ఎవరిదో ఇంటి గోడ, పక్కన మేకప్ కోసం ఒక అరుగు. జనం మూడు వైపులా. చిన్నపిల్లలు దాదాపు ఆటలోనే కూర్చుంటారు. మైకు లేదు కాబట్టి వంతపాట ఉంది. కథకుడు చెప్పిన మాటను వెనకవాళ్ళు అందుకొని మళ్ళీ పాడతారు, దానితో దూరంగా ఉన్నవాడికి రెండోసారి చేరుతుంది. ఇది సంగీతమూ అవుతుంది, ధ్వని ఏర్పాటూ అవుతుంది.

కూచిపూడి భాగవతులదీ అంతే. రాత్రిపూట కాగడాల వెలుగులో ఆట. ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. స్పాట్‌లైట్ అదే. ఇద్దరు మనుషులు చేత్తో తెర పట్టుకుంటే దాని వెనక నుంచి సత్యభామ ముందు జడ మాత్రమే తెర మీదికి వేసేది. తెర ఎప్పుడు దించాలి, ఎంతసేపు ఊరించాలి అన్నది నటుడి చేతిలోనే ఉంది. కథకళిలో కూడా ఇలాగే పట్టుకునే తెర ఉంది, దాని వెనక నుంచి దుష్టపాత్రలు తెరను లాగి తొంగిచూసే తీరుకు పెద్ద అభినయమే ఉంది. కప్పీలకు కట్టిన తెర వచ్చాక ఈ ఆట పోయింది.

#7 త్రిశూర్‌తెలుగోడు

చిందుబాట గారు చెప్పిన వీధి ఆట గురించి ఒక్క మాట. తంజావూరు దగ్గర మేలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా ఇప్పటికీ ఆడతారు. నాటకాలు తెలుగులో. వరదరాజస్వామి గుడి ఎదుట వీధిలో పందిరి. దేవుడు ప్రేక్షకుడిగా ఎదురుగా ఉంటాడు, జనం మధ్యలో. తమిళనాట ఒక పల్లెలో తెలుగు నాటకం వీధిలోనే మిగిలింది!

#8 బౌద్ధదారి

పాత రంగస్థలం అంటూ నాగార్జునకొండను వదిలేస్తారేంటి? ఇక్ష్వాకుల కాలం, మూడో శతాబ్దం నాటి యాంఫీథియేటర్ అక్కడ తవ్వకాల్లో బయటపడింది. మధ్యలో దీర్ఘచతురస్రంగా పల్లం, నాలుగు పక్కలా మెట్లు. సాగర్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోతుందని అనుపుకు తరలించి మళ్ళీ పేర్చారు. మధ్యలో నిలబడి మామూలుగా మాట్లాడితే పై మెట్టు మీదివాళ్ళకు వినిపిస్తుంది, వెళ్ళినవాళ్ళు ఎలాగూ చప్పట్లు కొట్టి చూస్తారు. అక్కడ నాటకాలే ఆడారా, మల్లయుద్ధాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్ రాంగఢ్ కొండ మీద సీతాబెంగా గుహ కూడా ఉంది. రాతిలో చెక్కిన బెంచీలు చూసి 1904లో బ్లాక్ అనే పురావస్తు శాఖాధికారి దాన్ని నాట్యశాల అన్నాడు. పక్కనే ఉన్న జోగీమారా గుహలో సుతనుక అనే దేవదాసి పేరు శాసనంలో ఉంది. నాట్యశాల అనే మాటను ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

#9 రేకులథియేటర్

నేను డేరా నాటకాల మనిషిని. చిన్నప్పటి నుంచి తెరలు లాగాను, కర్పూరం వెలిగించాను, గద పట్టుకొని గంటలు నిలబడ్డాను. ఊరివేదిక తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఒకటే. టికెట్టు పెట్టాక గోడలు వచ్చాయి.

ఆలోచించండి. వీధిలో ఆడితే పారితోషికం ఊరి పెద్దలదో దేవాలయానిదో. ఎవరైనా చూడొచ్చు. అదే మనిషికి ఇంతని వసూలు చేయాలంటే, డబ్బివ్వనివాడు చూడకుండా అడ్డం కట్టాలి. అడ్డం కట్టాక జనాన్ని ఒకే గేటు నుంచి పంపాలి, వరసల్లో కూర్చోబెట్టాలి, ముందు కుర్చీకి ఒక రేటు, వెనక నేలకు ఒక రేటు. అందరూ ఒకే వైపు చూడాలి. అప్పుడు నటుడికి మూడు పక్కలా జనం అక్కర్లేదు, ఉండటానికి వీల్లేదు కూడా. పక్కల్లో తెరలు, కప్పీలు, తాళ్ళు, మనుషులు ఉంటారు.

ఇది మొదలైంది రేవు పట్టణాల్లో. కలకత్తాలో 1795లో లెబెదెవ్ అనే రష్యన్ బెంగాలీ నాటకం టికెట్టు మీద ఆడించాడు. బొంబాయిలో 1846లో గ్రాంట్ రోడ్ థియేటర్ కట్టారు, 1853 నుంచి పారశీకుల (పార్శీల) నాటక కంపెనీలు అందులోకి దిగాయి. వాళ్ళే రంగుల తెరలు, మాయలు, ఆకాశంలోంచి దిగే దేవతలు, ఇవన్నీ వ్యాపారంగా దేశమంతా తిప్పారు. సాంగ్లీలో 1843లో విష్ణుదాస్ భావే మొదలుపెట్టిన మరాఠీ నాటకం కూడా తర్వాత ఊరూరా తిరిగింది. ఆ గాలి కర్ణాటక మీదుగా మనకు వచ్చింది. ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో ఆడి వెళ్ళాక, వాళ్ళు వేసిన పాకలోనే వీరేశలింగం గారు తన విద్యార్థులతో నాటకాలు వేయించారని చెప్తారు. 1880 నాటి మాట. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టారు, ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిచింది. విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడారు. చూడండి, పదీపన్నెండేళ్ళలో వీధి వదిలేసి హాల్లోకి వచ్చేశాం.

ఇక సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించడంతో మొదలు. వాళ్ళు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలవాళ్ళు. ఇది చాలామంది పట్టించుకోరు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ, వెనక దీపం, గుడ్డ మీద బొమ్మ, వెనక నుంచి గొంతు. ఆడించేవాడికి దృశ్యం అంటే ఒక చట్రం అని ముందే తెలుసు. అందుకే పారశీకుల పద్ధతి సురభివాళ్ళకు కొత్తగా అనిపించి ఉండదు. బొమ్మ పోయి మనిషి వచ్చాడు, తెర అలాగే ఉంది.

దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, ఉద్యానవనం తెర. ముందు తెర దగ్గర ఒక చిన్న సీను నడుస్తుంటే వెనక దర్బారు సెట్టవుతుంది. అది దించగానే ఇది. రెండు నిమిషాలు ఆగితే జనం ఈలలు వేస్తారు. మాయాబజారులో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయి, బాణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకొని నిప్పులు రాలతాయి. ఇది మూడు పక్కలా జనం ఉంటే జరుగుతుందా? పక్కన కూర్చున్నవాడికి దారం కనపడుతుంది.

#10 పద్యప్రియుడు

రేకుల థియేటర్ మాస్టారూ, చేతులు జోడించాను. నేను చెప్పాలనుకున్నదే మీరు చెప్పారు. ఆ పెట్టె వల్లే తెలుగువాడికి పద్యనాటకం అనే వైభవం వచ్చింది. ఉద్యోగపర్వం రాయబారం సీను వీధిలో ఆడితే ఆ గాంభీర్యం ఉంటుందా? తెర లేవగానే కౌరవసభ, వరసగా కుర్చీలు, కిరీటాలు, మధ్యలోకి కృష్ణుడు నడిచివచ్చి ఫుట్‌లైట్ల ముందు ఆగి రాగం ఎత్తుకుంటాడు. ఒన్స్ మోర్ అంటే మళ్ళీ పాడతాడు. పెట్టె అన్నారు సరే, ఆ పెట్టెలోంచి నటుడు మనతో నేరుగా మాట్లాడుతూనే ఉన్నాడు కదా!

#11 చిందుబాట

చూశారా, మీరే ఒప్పుకున్నారు. పెట్టె రూలు ప్రకారం ప్రేక్షకుడు లేనట్టు నటించాలి. మనవాళ్ళు ఆ రూలును ఒక్కరోజు కూడా పాటించలేదు. కృష్ణుడు దుర్యోధనుడికి పాడాల్సిన పద్యం జనానికి పాడతాడు, దుర్యోధనుడు పక్కన బొమ్మలా ఉంటాడు. ఒన్స్ మోర్ అంటేనే నాలుగో గోడ, అంటే నటుడికీ జనానికీ మధ్య ఉందనుకునే గోడ, కూలిపోయినట్టు. పెట్టె బయటి నుంచి వచ్చింది, అందులో ఆడింది మాత్రం వీధి మనిషే.

#12 గజ్జెలసవ్వడి

నృత్యం వైపు నుంచి ఒకటి చెప్తాను, నాటకంవాళ్ళు మర్చిపోతారు.

సదిరాటలో (భరతనాట్యం పాత రూపం) నట్టువనారు, అంటే తాళం వేసే గురువు, ముఖవీణ, మృదంగం అందరూ నర్తకి వెనక నిలబడి ఆమెతోపాటే కదిలేవారు. గుడిలో, పెళ్ళిపందిట్లో, జమీందారు హాల్లో అదే పద్ధతి. 1930ల్లో సభల స్టేజీ మీదికి వచ్చాక వాద్యబృందం ఒక పక్కకు జరిగి కూర్చుంది. రుక్మిణీదేవి అరండేల్ దీనికి ఒక పద్ధతి ఏర్పరిచారు, నర్తకి వెనక శుభ్రమైన ఖాళీ తెర మిగిలింది. దానివల్ల అడుగుల గీతలు కనపడసాగాయి, నేపథ్యంలో నల్లతెర ముందు అంగశుద్ధి (ఒంటి కదలికల స్పష్టత) మెరిసింది. పోయింది ఏంటంటే గురువు శ్వాస. వెనక మూడడుగుల్లో ఉన్న తాళం ఒక రకం, పదిహేను అడుగుల అవతల నుంచి మానిటర్ స్పీకర్‌లో వచ్చే తాళం ఇంకో రకం.

కూచిపూడి రాత్రంతా ఆడే కలాపం నుంచి గంటన్నర కచేరీకి, ఆ తర్వాత వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలకు వచ్చేసరికి ప్రవేశాలన్నీ పక్క వింగుల నుంచే. తెరపట్టే ఇద్దరి ఉద్యోగం పోయింది. ఆ నృత్యనాటకాలు గొప్పవే, నేను వాటిలోనే పెరిగాను. కానీ అవి ఎదురుగా చూసేందుకు కూర్చినవి. మూడు పక్కలా జనం ఉన్న చోట వాటిని ఆడితే పక్కన కూర్చున్నవాళ్ళకు వీపులే కనపడతాయి. స్టేజీ మారితే అడుగుల కూర్పు కూడా మారిపోతుంది, ఇది మాకు ఒళ్ళు చెప్పే సంగతి.

#13 లైట్ల_సుబ్బడు

టికెట్టు ఒక్కటే కాదు మాస్టారూ, కరెంటు కూడా. కాగడా ఉన్నన్నాళ్ళు నటుడు, ప్రేక్షకుడు ఒకే వెలుగులో ఉన్నారు. నూనెదీపాలు, పెట్రోమాక్స్ ఉన్నా అంతే. డిమ్మర్ (లైటు వెలుగును తగ్గించి పెంచే పరికరం) వచ్చాకే హాల్లో చీకటి, స్టేజీ మీద వెలుగు అనే విభజన పూర్తయింది. ఇప్పుడు నటుడికి జనం కనపడరు, నల్లటి గొయ్యి కనపడుతుంది.

దానితో ఏం చేయొచ్చో చూపినవాళ్ళూ ఉన్నారు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ అంగార్ నాటకం చివర బొగ్గుగనిలోకి నీళ్ళు పొంగివచ్చినట్టు తాపస్ సేన్ లైట్లతోనే చూపించాడు. బొట్టు నీళ్ళు లేవు. మా వృత్తిలో ఇప్పటికీ ఆ పేరు చెప్పి దండం పెట్టుకుంటాం.

మనదగ్గర మాత్రం కథ వేరే దారి పట్టింది. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్ పుట్టింది, ఆ తర్వాత పరిషత్తు పోటీల సంస్కృతి ఊరూరా పాకింది. వరసగా నాటికలు, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో సెట్టు మార్చడానికి కాస్త టైము. ఫలితం మీకు తెలుసు. ఎడమ పక్క మెట్లు, కుడి పక్క తలుపు, మధ్యలో సోఫా, టీపాయ్ మీద ఫోను. ఏ నాటిక అయినా అదే హాలు. పైనుంచి నాలుగు మైకులు వేలాడేవి, నటులందరూ వాటి కిందికి వచ్చి డైలాగు చెప్పి వెళ్ళేవాళ్ళు. స్టేజీ 30 అడుగులున్నా ఆడేది ఆ నాలుగు చోట్లే. ఒకసారి ఒక హాల్లో హీరోయిన్ చనిపోయే సీనులో మైకు అందట్లేదని శవం లేచి రెండడుగులు ముందుకు జరిగింది. జనం చప్పట్లు కొట్టారు, బహుమతి మాత్రం రాలేదు.

#14 మోడరేటర్

శవం కథలు వేరే థ్రెడ్‌లో చెప్పుకోండి సుబ్బడు గారూ, ఒక థ్రెడ్ మొత్తం నిండుతుంది. ఊరివేదిక గారి ప్లాను ఇంకా తేలలేదు.

#15 చిందుబాట

తేల్చే ముందు, పెట్టె వద్దని తేల్చుకున్నవాళ్ళ సంగతి కూడా వినండి.

టాగోర్ 20వ శతాబ్దం మొదట్లోనే రంగస్థలం గురించి ఒక వ్యాసం రాశాడు. బెంగాల్ జాత్ర అనే జానపద నాటకంలో నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య పెద్ద దూరం ఉండదు, బొమ్మల తెరలు అక్కర్లేదు, కాబట్టి అదే నయమని ఆయన వాదన. కలకత్తాలో అందరూ రంగుల తెరలకు మురిసిపోతున్న రోజుల్లో ఈ మాట అన్నాడు.

అస్సాం నామ్‌ఘర్‌లో భావనా ఆడితే ప్రార్థనా మందిరంలో జనం రెండు వైపులా కూర్చుంటారు, మధ్యదారి అంతా రంగమే. ఇక కాశీకి అవతలి గట్టున రామ్‌నగర్ రామ్‌లీల అయితే స్టేజీ అనే మాటకే అర్థం మార్చేస్తుంది. 31 రోజులు, ఊరే వేదిక. ఒక చోటు అయోధ్య, ఒక చోటు జనకపురి, దూరంగా లంక. రాముడు నడిస్తే జనం వెంట నడుస్తారు. మైకులు, కరెంటు లైట్లు ఇప్పటికీ పెట్టరు.

రాజకీయం అవసరమైనవాళ్ళు కూడా వీధికే వచ్చారు. 1943లో ఇప్టా అనే వామపక్ష నాటక సంఘం, మనకు ప్రజానాట్యమండలి. మాభూమి నాటకాన్ని ఊళ్ళలో దొరికిన అరుగుల మీద, బల్లల మీద ఆడారు. నాజర్ బుర్రకథకు ముగ్గురు మనుషులు, ఒక తంబూరా, రెండు గుమ్మెటలు నిలబడే చోటు చాలు. 1970ల్లో బాదల్ సర్కార్ కలకత్తాలో హాలు వదిలేసి గదుల్లో, పార్కుల్లో ఆడాడు, టికెట్టూ సెట్టూ లైట్లూ అన్నీ వద్దన్నాడు. రేకుల థియేటర్ మాస్టారి సూత్రాన్ని తిరగేస్తే బాదల్ సర్కార్ వస్తాడు. టికెట్టు తీసేశాడు, గోడలు పోయాయి.

#16 రేకులథియేటర్

తిరగేస్తే బాగానే ఉంది చిందుబాట గారూ, కానీ టికెట్టు తీసేస్తే నటుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో కూడా చెప్పాలి. బాదల్ సర్కార్ ఉద్యోగం చేసిన ఇంజనీరు. మా కుటుంబాలకు నాటకమే ఉద్యోగం. డేరా నడవాలంటే గేటు ఉండాలి. సినిమా వచ్చి ఆ గేటు దగ్గర జనాన్ని పట్టుకుపోయింది కాబట్టే మేం చిక్కిపోయాం, మా తెరలు పాతవనీ కాదు, జనానికి ఇష్టం పోయిందనీ కాదు. దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి సురభివాళ్ళతో పనిచేసినప్పుడు ఆ తెరలనే, ఆ తాళ్ళనే వాడుకొని కొత్తగా చేశాడు.

#17 త్రిశూర్‌తెలుగోడు

మధ్యదారి కూడా ఉంది. ముంబై జుహూలో పృథ్వీ థియేటర్, 1978. చిన్న హాలు, స్టేజీ జనంలోకి చొచ్చుకు వస్తుంది, మూడు పక్కలా సీట్లు, టికెట్టూ ఉంది. ఢిల్లీలో దర్శకుడు అల్కాజీ 1963లో ఫిరోజ్ షా కోట్ల శిథిలాల్లో అంధాయుగ్ నాటకం ఆడించాడు, పాడైన కోటే సెట్టు. టికెట్టు ఉంటే పెట్టె ఉండి తీరాలని ఏం లేదు.

#18 ఊరివేదిక

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. కమిటీలో మళ్ళీ కూర్చున్నాం. మా అవసరాలు ఇవీ: స్కూలు వార్షికోత్సవం, శ్రీరామనవమికి పద్యనాటకం, అప్పుడప్పుడు కూచిపూడి, సంక్రాంతికి హరికథో బుర్రకథో, మిగతా రోజుల్లో రాజకీయ సభలు (తప్పదు). అన్నిటికీ పనికొచ్చేలా ఒకటే కట్టాలి. పెద్దాయన మూడు పక్కల మాట వదలట్లేదు. డబ్బు మొదటి ప్లానుకు సరిపడినంతే ఉంది.

#19 కొలతలమనిషి

డబ్బు పెరగకుండానే మార్చొచ్చు. పక్క గోడలు మానేయండి, వాటి బదులు స్తంభాలు. స్లాబు అంచుకు ముందు మరో పదీపన్నెండు అడుగులు కప్పు లేని వేదిక జనంలోకి పొడవండి, అదే ఎత్తులో. హరికథ, బుర్రకథ, చిందు ఆ ముందు భాగంలో ఆడితే జనం మూడు పక్కలా కూర్చోవచ్చు. పద్యనాటకం రోజున స్తంభాల మధ్య తెరలు కడితే వింగులు, డ్రాప్ అన్నీ దొరుకుతాయి, వెనక భాగం పెట్టె అయిపోతుంది. పక్క గోడలు లేకపోతే షట్టర్ కూడా అక్కర్లేదు, దాని ఖర్చు మిగులుతుంది కదా, దానితో వెనక గోడ వెంబడి ఒక నడవ, రెండు వైపులా తలుపులు పెట్టండి. ఎడమ నుంచి వెళ్ళిన నటుడు కుడి నుంచి రావాలంటే మన ఊరి స్టేజీల్లో గ్రౌండులోంచి పరుగెత్తాలి, కిరీటంతో సహా జనానికి కనపడిపోతాడు.

ఎత్తు మూడడుగులకు మించనీయకండి. నేలమీద కూర్చునే జనానికి ఐదడుగుల స్టేజీ కడితే ముందు వరసవాళ్ళకు నటుడి పాదాలు కనపడవు, రాజకీయ సభలకు తప్ప ఎందుకూ పనికిరాదు. వేదిక ముఖం పడమరకు పెట్టొద్దు, సాయంత్రం కార్యక్రమంలో ఎండ పిల్లల కళ్ళలో పడుతుంది. ఉత్తరానికి పెట్టండి.

#20 గజ్జెలసవ్వడి

పైన ఏం కట్టినా పర్లేదు, నేల మాత్రం టైల్స్ వేయొద్దు. గ్రానైట్ అసలే వద్దు. దాతల పేర్లు చెక్కడానికి బాగుంటుందని వేస్తారు, పాదం కొట్టిన ప్రతిసారీ దెబ్బ మోకాలికి వస్తుంది, చెమట పడితే జారుతుంది. మా విద్యార్థిని ఒకామె ఒక కొత్త హాల్లో అలాగే జారి చీలమండ బెణికించుకుంది. భరతుడు దీన్ని కూడా చెప్పాడు. రంగం తాబేలు వీపులా ఉబ్బకూడదు, చేప వీపులా ఉండకూడదు, అద్దంలా సమంగా ఉండాలి అన్నాడు. రాళ్ళూ గడ్డీ ఏరేసిన నల్లమట్టి నింపమన్నాడు. మన మేస్త్రీలు నీళ్ళు పోవాలని ముందుకు వాలు పెడతారు, కప్పు కింద ఆ వాలు అక్కర్లేదు, ముందు భాగానికి కొంచెం పెడితే చాలు.

కప్పు కింద భాగంలోనైనా కర్ర దూలాల మీద పలకలు పరచండి, కింద గాలి ఆడేలా. అదీ కుదరకపోతే నున్న చేయని మామూలు సిమెంటు గచ్చు, దాని మీద ఆ రోజుకు జంపఖానా.

#21 రేకులథియేటర్

జంపఖానా వద్దమ్మా, గజ్జెలు తట్టుకొని పడతారు. పలకలే నయం. చెదలు మందు కొట్టించి వేయండి.

తమ్ముడూ, ఇంకో రెండు చెప్తాను. స్లాబు పోసేటప్పుడే కింద వైపు ఇనుప కొక్కేలు వరసగా వదలండి, మూడడుగులకు ఒక వరస. తర్వాత డ్రిల్లు పెట్టి కొడితే స్లాబు కారుతుంది. తెరల పైపులు, లైట్లు అన్నీ వాటికే. కొక్కెం ఒక్కొక్కటి మనిషి బరువు ఆగేలా ఉండాలి, ఎందుకంటే ఏదో ఒకరోజు ఎవడో ఒకడు నారదుణ్ణి పైనుంచి దించుతానంటాడు. రెండోది, స్టేజీ వెనక ఒక నీళ్ళ కుళాయి. ముఖానికి రంగు వేసుకున్న ఇరవైమంది రాత్రి రెండింటికి కడుక్కోవాలి.

#22 ఊరివేదిక

కొక్కేలు, కుళాయి, నడవ మూడూ రాసుకున్నాను. పక్క గోడలు తీసేయడానికి ఇంజనీరు ఒప్పుకున్నాడు. షట్టర్ కోసం ప్రెసిడెంటు గారు ఇంకా పట్టుబడుతున్నారు, కుర్చీలు లోపల పెట్టుకోవచ్చట.

#23 లైట్ల_సుబ్బడు

కుర్చీలకు వేరే షెడ్డు వేసుకోమనండి. కరెంటు బోర్డు మాత్రం స్టేజీకి ఎదురుగా, జనం వెనక పెట్టించండి. లైట్లు వేసేవాడికి ఆట కనపడాలి.